రాగి మీది పూత

మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు నాగక్కను పిలుస్తారు. పాత పడుగు కొసలు మగ్గంలోనే వేలాడుతుంటాయి. కొత్త పడుగును తెచ్చి వాటికి ఎదురుగా కడతారు. నాగక్క నేల మీద కూర్చుని, పాత పోగునూ కొత్త పోగునూ పక్కపక్కన పట్టుకుని, బూడిద అద్దుకున్న వేళ్లతో ఒక మెలి తిప్పుతుంది. రెండూ ఒకటవుతాయి. తర్వాత ఇంకో పోగు. ఒక పడుగులో వేల పోగులు. అన్నీ కలిశాక నేత మళ్లీ సాగుతుంది. చీరలో ఆమె పని ఎక్కడా కనపడదు. కనపడితే అది చెడిన పని.

ధర్మవరం మగ్గాల వీధుల్లో ఆమెను అతుకుల నాగక్క అంటారు. చాటున కాదు, ఎదుటే. ఆమె పలుకుతుంది.

వయసు నలభై దాటింది. భర్త లేడు. కూతురిని బత్తలపల్లిలో ఇచ్చింది. ఇంట్లో ఆమె, అత్త మారెమ్మ. పడుగులు అతకడం నేర్పింది మారెమ్మే. నేర్చుకునే రోజుల్లో నాగక్క అత్త చేతి దెబ్బ తిన్నది ఒకే విషయంలో. అంచు వైపు జరీ పోగులుంటాయి. పట్టుదారం మీద సన్నని వెండి చుట్టి, దానికి బంగారు పూత పూస్తారు. వేళ్లు తగలొచ్చు, గోరు తగలకూడదు. గోరు తగిలితే పూత లేచి లోపలి ఎర్రదారం బయటపడుతుంది. చీర పాడు.

"జరీని గీకినావంటే చెయ్యి ఇరగ్గొడతా" అనేది మారెమ్మ. నాగక్క ఆ తర్వాత ఎన్నడూ గీకలేదు.

చిత్రావతి పొంగిన ఏడాది వాళ్ల వీధిలోకి నీళ్లు వచ్చాయి. అందరినీ బడిలోకి చేర్చారు. కరెంటు లేదు. ఫోన్లు పలకలేదు. ఆమడగూరులో ఉన్న చెల్లెలు చౌడక్క ఇల్లు మట్టిగోడల ఇల్లు. నిలిచిందో లేదో తెలియదు. బడి వరండాలో ఒక పెద్దాయన టిఫిన్ డబ్బాంత పెట్టె ముందు పెట్టుకుని, చిన్న మీటను వేలితో కొడుతూ కూర్చున్నాడు. పెట్టె నుంచి ఒక తీగ కిటికీ దాటి చెట్టు మీదికి పోయింది. ఆయన పేరు గోవిందరాజులు. హిందూపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాడు.

"ఏమన్నా, దీంట్లో ఆమడగూరుకు చెప్పేకవుతాదా?" అని అడిగింది నాగక్క.

"పేరు చెప్పమ్మా. అడుగుతా."

మధ్యాహ్నానికి జవాబొచ్చింది. కదిరి వైపు అలాంటి పెట్టె ఉన్న ఇంకొకాయన ఎవరినో ఆమడగూరుకు పంపి కనుక్కున్నాడు. గోడ ఒకటి పడింది. మనుషులు బాగున్నారు.

నాగక్క పెట్టెను చూసింది. తీగను చూసింది. తీగ చెట్టు మీదే ఆగిపోయింది.

"ఆడికే అయిపోయింది గదన్నా తీగ. ఆడినుంచి ఎట్ల పోయింది?"

"గాల్లో పోతాది."

"దారం లేకుండానా?"

"దారం లేకుండానే."

ఆమె అప్పుడింకేమీ అడగలేదు. నీళ్లు తీశాక, మగ్గాలు ఎండాక, హిందూపురానికి వెళ్లి అడిగింది.

ఆ పనికి పరీక్ష ఉందనీ, లైసెన్సు ఉంటుందనీ గోవిందరాజులు చెప్పాడు. పొట్టి చప్పుళ్లు, పొడుగు చప్పుళ్లు కలిపి అక్షరాలు చేసే మోర్సు నేర్చుకోవాలని చెప్పాడు. పడుగు అతికేటప్పుడు చేతులకూ కళ్లకూ పని, చెవులు ఖాళీ. ఫోనులో ఆ చప్పుళ్లు పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోను దూర్చుకుని అతికింది. పక్క మగ్గం మీద నేసే శారదమ్మ, పాటలు వింటోందనుకుని ఒకనాడు ఇయర్‌ఫోను లాగి తన చెవిలో పెట్టుకుంది.

"ఏందే ఇది, కీచురాయి అరిచినట్ల? చెవుడొస్తాది చూడు నీకు."

"నేర్చుకుంటాండా."

"కీచురాయి భాషా?"

వీధంతా నవ్వింది. నాగక్క కూడా నవ్వింది. చాలా కాలం పట్టింది. పరీక్ష బెంగళూరులో రాసింది. ఒకసారి తప్పింది. రెండోసారి పాసయింది. లైసెన్సు ఇచ్చే ముందు విచారణకు ఒక కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు.

"వైర్‌లెస్సు నీకెందుకమ్మా?" అన్నాడు.

మారెమ్మ మంచం మీది నుంచే జవాబిచ్చింది. "అదే నేనూ అడగతాండా సారూ. నీకన్నా చెప్తాదేమో అడుగు."

లైసెన్సు కాగితం వచ్చింది. అందులో ఆమెకొక పిలుపు పేరు ఉంది. వీయూ టూ అని మొదలై, మూడు ఇంగ్లీషు అక్షరాలతో ముగుస్తుంది. ఈ లోకంలో ఆ పేరు ఇంకెవరికీ లేదని గోవిందరాజులు చెప్పాడు. నాగక్క ఆ మాటను కొద్దిసేపు మనసులో నిలుపుకుంది. ధర్మవరంలోనే నాగక్కలు లెక్కలేనంతమంది.

హిందూపురం, పెనుకొండ, మడకశిర వైపు రేడియోలు పెట్టుకున్నవాళ్లది ఒక చిన్న గుంపు. ఆ గుంపుకొక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు తమ మొదటి రేడియోను కొనకూడదు, చేసుకోవాలి. ఇంటి దగ్గర దాంట్లో వినొచ్చు. మీట కొట్టి పంపడం మాత్రం చలికాలంలో అందరూ పెనుకొండ కోట ఎక్కే రోజునే. ఆ పిలుపును కొండ మీద లేనివాళ్లెవరైనా విని జవాబివ్వాలి. జవాబు వచ్చేదాకా గుంపులో ఎవరూ వాళ్లను పిలుపు పేరుతో పిలవరు. రాకపోతే మళ్లీ ఏడాది.

నాగక్కకు తన పేరును ఎవరైనా ఒక్కసారి పిలిస్తే వినాలని ఉంది. అంతే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కొండకు పోతున్నానని మాత్రం శారదమ్మకు చెప్పింది. శారదమ్మకు చెప్పడమంటే వీధికి చెప్పడమే.

రేడియో చేసుకునే సామాన్ల కిట్టు చిన్న అట్టపెట్టెలో వచ్చింది. అరచేతిలో పట్టే పచ్చని బోర్డు, పొట్లాల్లో బియ్యపు గింజలంత సామాన్లు, చిట్టి గాజుల్లా ఉన్న రెండు మూడు రింగులు, వాటి మీద చుట్టడానికి సన్నదీ లావుదీ రెండు రకాల రాగితీగ, బొమ్మలున్న ఇంగ్లీషు కాగితం. అన్నీ సరిగ్గా అతికితే ఒక టార్చి బల్బు వెలిగించేంత బలం వస్తుంది. ఆ బలంతో వేల మైళ్లు మాట్లాడినవాళ్లున్నారని గోవిందరాజులు చెప్పాడు. నాగక్క నమ్మింది. దారం లేకుండా పోయేదానికి ఎంత బలం కావాలో ఆమెకు తెలియదు.

మొదట చెడింది. సీసం కరిగించి అతికే సోల్డరింగ్ కడ్డీ వేడి ఆమెకు అలవాటు లేదు. ఒక ముక్కను తిప్పి పెట్టి, దాన్ని పీకేటప్పుడు బోర్డు మీది గీత లేచిపోయింది. పొగకు మారెమ్మ దగ్గింది.

"ఏం కాలతాండాదే ఆడ?"

"ఏం లేదత్తా."

"ఏం లేంది ఇంత కంపు కొడతాదా?"

సామాన్ల మీద రంగు గీతలుంటాయి. ఏ రంగుకు ఏ అంకె అన్నది కాగితంలో ఉంది. ఆమె వాటిని చీరల రంగులుగా గుర్తు పెట్టుకుంది. ఇది వంకాయ. ఇది పసుపు. ఇది కాఫీపొడి. ఎరుపుకూ కాఫీపొడికీ తేడా ట్యూబులైటు కింద తెలియదు. జరీ పని లాగే దాన్ని కూడా పగటి వెలుతురులో వాకిట్లో చేసింది.

రింగుల దగ్గరికి వచ్చాక చేతులకు ఊపిరొచ్చింది. రాగితీగ ఎర్రగా, మెరుస్తూ ఉంది. దాని మీద పూత ఉంది. ఒక చుట్టుకు ఇంకో చుట్టు ఒరుసుకోకుండా, మధ్యలో ఒకే ఎడం ఉంచి చుట్టింది. తీగ కొసలకు గోరు తగలనీయలేదు. కాగితంలో తీగ కొస పక్కన బ్లేడు బొమ్మ ఉంది. కోయడానికని అనుకుంది. కత్తెరతో కోసింది. కొసను బోర్డు రంధ్రంలోకి దూర్చి సోల్డరు పోసింది. అది తీగ చుట్టూ ముత్యంలా నిలిచింది.

ఫొటో తీసి పంపింది. గోవిందరాజులు ఫోను చేశాడు.

"మిషన్‌తో చుట్టినట్లుండాది గదమ్మా. నా చేత ఎప్పుడూ కాలేదు ఇట్ల."

ఆ రోజు మిద్దె మీద తీగ కట్టి పెట్టెను ఆన్ చేసింది. గాలి చప్పుడు వచ్చింది. దాని అడుగున, చాలా దూరంగా, ఎవరో మీట కొడుతున్నారు. నాగక్క అక్షరాలను ఏరుకుంది. సగం దొరికాయి. మీట మీదికి వేలు పోయింది. వెనక్కి తీసుకుంది.

కొండకు పోయే ఆదివారం పొద్దున్నే రైల్లో పెనుకొండలో దిగింది. పెట్టెను పాత పట్టుగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. స్టేషన్ బయట సతీష్ ఉన్నాడు. పెనుకొండలో సెల్‌ఫోన్ల రిపేరు అంగడి అతనిది. గుంపులో ఆమె కన్నా రెండేళ్ల ముందు చేరాడు.

"ఏమక్కా, మాట్లాడుతాదా పెట్టె?"

"వినపడతాండాది."

"వినపడితే సగం అయినట్లే."

కొండ పైన ఒక బండ మీద సామాను దించారు. వెదురుగడ నిలబెట్టి తీగ లాగారు. అందరికీ కలిపి పెద్ద బ్యాటరీ ఒకటే తెచ్చారు. పాతవాళ్లు ముందు మాట్లాడారు. మడకశిర నుంచి వచ్చిన కొత్తవాడొకడు తన పెట్టెను తగిలించి పిలిచాడు. సేలం నుంచి ఎవరో పలికారు. గుంపు చప్పట్లు కొట్టింది. అప్పటిదాకా అభిషేక్ అని పిలిచినవాళ్లంతా వెంటనే అతన్ని పిలుపు పేరుతో పిలిచి, పులిహోర పొట్లం చేతికిచ్చారు. నాగక్క చూసింది.

ఎండ నడినెత్తికి వచ్చాక ఆమె వంతు వచ్చింది.

తీగకు తగిలించే ముందు, పెట్టెకు చిన్న బల్బు కట్టి మీట నొక్కి చూస్తారు. బల్బు వెలిగితే పెట్టె పంపుతున్నట్టు. నాగక్క నొక్కింది. బల్బు వెలగలేదు. మళ్లీ నొక్కింది.

"బల్బు పోయిందేమో" అన్నాడు గోవిందరాజులు. అభిషేక్ పెట్టెకు కట్టి చూశారు. వెలిగింది.

సతీష్ మీటరు తీశాడు. దాని రెండు ముళ్లను రెండు చోట్ల ఆనిస్తే, మధ్యలో దారి ఉంటే కూస్తుంది. బోర్డంతా చూసుకుంటూ వచ్చాడు. అన్ని చోట్లా కూసింది. పంపే వైపు రింగు దగ్గర కూయలేదు.

"ఈ చుట్ట తెగినట్లుందక్కా లోపల."

"నా చేతిలో తెగదు."

"కూయడం లేదు గదా మరి."

"తెగదంటే తెగదబ్బా. చూసుకో బాగా."

సతీష్ ముల్లును తీగ నడుమ ఆనించాడు. కూయలేదు. జేబులోంచి బ్లేడు తీసి, తీగ మీద ఆనించి, పూతను కొద్దిగా గీకబోయాడు.

నాగక్క అతని మణికట్టు పట్టుకుంది.

"గీకొద్దు."

"ఊరికే కొంచెమక్కా. చూసేదానికి."

"పూత లేస్తాది. గీకొద్దన్నా గదా!"

గట్టిగానే అంది. పులిహోర తింటున్నవాళ్లు ఇటు తిరిగారు. సతీష్ చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. గోవిందరాజులు కళ్లజోడు సర్దుకుని బోర్డు మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"నాగక్కా, కొసల మీద పూత తీసినావా?"

"ఎందుకు తీస్తా?"

"తీయలేదా?"

"జరీ పూత ఎవరన్నా తీస్తారా అన్నా?"

ఎవరో నవ్వబోయారు. "సుమ్నే ఉండప్పా" అన్నాడు గోవిందరాజులు అటు చూడకుండా. ఆయన హిందూపురం మనిషి. కోపమొస్తే కన్నడం వస్తుంది.

"ఇది జరీ కాదమ్మా. జరీకి పూతే విలువ. దీనికి పూత తొడుగు మాత్రమే. ఒక చుట్టు ఇంకో చుట్టుకు తగలకుండా వేస్తారు. కొసల దగ్గర తీసేయాల. రాగి బయటపడకపోతే సోల్డరు పైపైనే కూర్చుంటాది. కరెంటు దాటదు."

"వినపడింది గదా మరి ఇంట్లో?"

"వినే వైపు తీగ శానా సన్నం. కడ్డీ వేడికి పూత కాలిపోయుంటాది. పంపే వైపు తీగ లావు. కాలలేదు."

నాగక్క సతీష్ చెయ్యి వదిలింది.

"నువ్వు చెప్పలేదే నాకు."

గోవిందరాజులు కళ్లజోడు తీశాడు. "ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పే పని రాలేదు. తీగను చూస్తూనే అందరూ గీకేస్తారు. గీకనివాళ్లుంటారని నాకు తోచలేదు."

సోల్డరింగ్ కడ్డీ ఒకటుంది. అది కూడా ఆ బ్యాటరీ మీదే నడవాలి. పొద్దున్నుంచి అందరూ వాడిన బ్యాటరీ. కడ్డీ వేడెక్కడానికి చాలా తింటుంది. ఒకసారి అతికితే పెట్టెకు కొంత మిగలొచ్చు. రెండోసారి అతకాల్సి వస్తే ఏమీ మిగలదు.

"ఇట్లియ్యక్కా, నేను చేస్తా" అన్నాడు సతీష్.

"నీ చేతికి తెగుతాది" అంది నాగక్క.

బ్లేడు తీసుకుంది. కడ్డీ వేడెక్కాక చుట్టను ఊడదీసే పని మాత్రం సతీష్‌కు వదిలింది. సోల్డరు కరిగించి, రింగును బయటికి లాగి ఆమె అరచేతిలో పెట్టాడు. చుట్టలు చెదరలేదు. ఆమె కొసను చూపుడువేలి మీద పరుచుకుంది. బ్లేడు ఆనించింది. చెయ్యి కదలలేదు.

కొండ కింద ఎక్కడో ట్రాక్టరు పోతోంది.

"కడ్డీ ఊరికే కాలతాండాది నాగక్కా, బ్యాటరీ పోతాది" అన్నాడు గోవిందరాజులు మెల్లగా.

ఆమె గీకింది. ఎర్రని పూత పొడిగా రాలింది. కింద ఇంకో రంగు బయటపడింది. లేత గులాబీ, కొత్త రాగి. దారం కాదు. కొసను తిప్పి వెనక వైపు గీకింది. రెండో కొసను గీకడం సులభమైంది. పొడిని కొంగుతో తుడవబోయి, ఊది వదిలేసింది. కొసలను రంధ్రాల్లోకి దూర్చింది. కడ్డీ తీసుకుని సోల్డరు పోసింది. ఈసారి ముత్యంలా నిలవలేదు. తీగను పట్టుకుని పైకి పాకి, పలుచగా పరుచుకుంది. ఆమెకు అందంగా అనిపించలేదు.

సతీష్ ముళ్లు ఆనించాడు. మీటరు కూసింది.

బల్బు కట్టి మీట నొక్కింది. వెలిగింది. అంత ఎండలో, చేయి అడ్డం పెట్టుకుని చూస్తేనే కనపడింది.

తీగకు తగిలించారు. అప్పటికి తిండ్లు అయిపోయాయి. కొందరు చాపలు చుడుతున్నారు. హిందూపురం పోయేవాళ్లు రైలు సంగతి మాట్లాడుకుంటున్నారు. నాగక్క హెడ్‌ఫోను పెట్టుకుంది. మీట మీద వేలు పెట్టి పిలిచింది. ఎవరైనా ఉన్నారా అని. తర్వాత తన పేరు. మళ్లీ తన పేరు.

ఆగి విన్నది. గాలి చప్పుడు.

మళ్లీ పిలిచింది. సతీష్ బ్యాటరీ కొలిచి గోవిందరాజులుకు చూపించాడు. ఆయన తల ఊపాడు. నాగక్కకు చెప్పలేదు.

మూడోసారి పిలిచి ఆపాక, గాలి అడుగున ఒక మీట కదిలింది. నిదానమైన చెయ్యి. ఆమె ఏరుకుంది. వీ. యూ. టూ. తన మొదటి అక్షరం. తర్వాత ఒక ప్రశ్న గుర్తు. సగం పేరే అందింది అవతలికి.

ఆమె వేలు కింద పెట్టింది. తొందరపడలేదు. పాత పోగు పక్కన కొత్త పోగు పెట్టినంత మెల్లగా, ఒక్కో అక్షరానికీ ఎడమిచ్చి, పేరంతా మళ్లీ కొట్టింది.

గాలి చప్పుడు. తర్వాత ఆ నిదానమైన చెయ్యి. వీ యూ టూ. మొదటి అక్షరం. రెండోది. మూడోది. అంతా. ఆ తర్వాత ఆయన పేరు, ఊరు. శివమొగ్గ. నీ చప్పుడు సన్నగా ఉంది, అయినా వినపడుతోంది అన్నాడు. నాగక్క ధర్మవరం అని కొట్టడం మొదలుపెట్టింది. సగంలో పెట్టె ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది.

హెడ్‌ఫోను తీసింది. అందరూ ఆమె ముఖం వైపే చూస్తున్నారు. చెవుల్లో వచ్చింది ఆమె ఒక్కతికే వినపడింది.

"శివమొగ్గ" అంది.

గోవిందరాజులు లేచి నిలబడ్డాడు. ఆమెను పిలుపు పేరుతో పిలిచి, ఆమె కోసం తీసిపెట్టిన పులిహోర పొట్లం ఇచ్చాడు. చల్లారిపోయింది. సతీష్ కూడా ఆ పేరుతోనే పిలిచి, మణికట్టు రుద్దుకుంటూ, "బో గట్టి చెయ్యి నీది" అన్నాడు.

సోమవారం శారదమ్మ మగ్గానికి కొత్త పడుగు వచ్చింది. నాగక్క నేల మీద కూర్చుని పాత కొసలు విడదీసుకుంటోంది. అంచు వైపు జరీ ఎండకు మెరుస్తోంది. ఆమె వేళ్లు దాని పక్కనుంచి, ఎప్పటిలాగే, గోరు తగలకుండా పోయాయి.

"మాట్లాడినావంట గదే కొండెక్కి" అంది శారదమ్మ. "పెనుకొండలో సతీషు అంగడి కాడ మావాడు విన్యాడంట. ఎవరితో?"

"శివమొగ్గ ఆయన."

"నీకు తెలిసినాయనా?"

"లేదు."

"మరి ఏమన్యాడు అంత దూరం నుంచి?"

నాగక్క మొదటి రెండు పోగులు పక్కపక్కన పట్టుకుంది.

"నా పేరు చెప్పినాడు" అంది. "ఆ బూడిద చిప్ప ఇట్లియ్యి."